స్టాపు కనిపిస్తే ఆగే కారు

మా ఆఫీసులో ఒక మాట ఉంది. గోడ మీద పెద్ద స్క్రీన్‌లో విశాఖపట్నం రోడ్లన్నీ పరుచుకుని ఉంటాయి. వాటి మీద బండ్లు చుక్కల్లా పాకుతుంటాయి. ముందూ వెనకా రోడ్డు ఖాళీగా ఉన్నా ఏదో ఒక చుక్క ఉన్నట్టుండి ఆగిపోతే, "బాబాయ్ ఆగాడు" అంటాం. కొత్తగా చేరినవాళ్లు కూడా వారం తిరక్కుండా అదే మాట అనేస్తారు. ఆ బాబాయ్ ఎవరని ఎవరూ అడగరు. అదేదో సాంకేతిక పదం అనుకుంటారు కాబోలు.

మొన్న ఆ బాబాయ్ పోయారని ఫోనొచ్చింది. అందరికీ చెబుదామని నేను లేచి నిలబడేసరికి, వెనక టేబుల్ దగ్గర ఎవరో "సింహాచలం రోడ్డులో బాబాయ్ ఆగాడు చూడండి" అన్నారు. నాకు ఏడుపు రావాల్సింది. నవ్వొచ్చేసింది. నవ్వుతూనే కూర్చుండిపోయాను. చెప్పడం సాయంత్రానికి గాని కుదర్లేదు.

పేరు రాయను. ఆయనకి పేర్ల మీద పెద్ద పట్టింపు లేదు. రోడ్డు మీద ఎవరైనా దణ్ణం పెడితే "ఎవరు బాబాయ్?" అని అడిగేదాన్ని. "పొద్దున్న మొదటి ట్రిప్పులో సేపల బుట్టతో ఎక్కేది. కిటికీ పక్క సీటు ఖాళీ నేకపోతే దెబ్బలాడేది" అనేవాడు. పేరేమిటంటే వింతగా చూసేవాడు.

"పేరు నాకెందుకమ్మా? దిగే స్టాపు తెల్సు గదా."

ముప్పై ఏళ్లు సిటీ బస్సు తోలి రిటైరైన మనిషి. శ్రీకాకుళం వైపు ఏదో పల్లెలో పుట్టాడు, కూర్మన్నపాలెంలో ఇల్లు కట్టుకున్నాడు. మా దగ్గర డ్రైవరుగా చేరేనాటికి మోకాళ్లు కాస్త నొప్పి, షుగరు కాస్త ఎక్కువ, మీసం మాత్రం నల్లగా ఉండేది. ఆ నలుపు ఆదివారం ఆదివారం కొత్తగా వచ్చేది.

అప్పట్లో మాది చిన్న కంపెనీ. రోడ్ల మీద రద్దీ ఎక్కడ ఎంతుందో ఎప్పటికప్పుడు కనిపెట్టి చెప్పడం మా పని. దానికోసం స్తంభాలు పాతి కెమెరాలు పెట్టేవాళ్లు ఉన్నారు. మా పద్ధతి వేరు. రోడ్డు మీద తిరిగే కార్లనే ఆ కబురు మోసుకు రమ్మంటాం. కారులో సబ్బుపెట్టంత నల్లపెట్టె ఒకటి బిగిస్తాం. కారు ఎక్కడుందో, ఎంత వేగంతో పోతోందో ఆ పెట్టె కొద్ది క్షణాలకోసారి ఆఫీసుకి చేరవేస్తుంది. కారు ఈడ్చుకుంటూ పోతోందంటే ఆ రోడ్డు రద్దీగా ఉన్నట్టు. జోరుగా పోతోందంటే ఖాళీగా ఉన్నట్టు. అందుకే డ్రైవరుకి ఒకటే నియమం: తొందరపడకూడదు, తాత్సారం చేయకూడదు. చుట్టూ బండ్లు ఎలా పోతుంటే తనూ అలాగే పోవాలి. గుంపులో గోవిందా.

ఇదంతా మా మేనేజరు మొదటిరోజు డ్రైవర్లని కూర్చోబెట్టి వివరించాడు. ఆయనది హైదరాబాదు. ఎదుటివాళ్లకి అర్థం కాలేదేమోనన్న అనుమానంతో ప్రతి మాటా రెండుసార్లు చెప్పేవాడు. చివర్లో, "మొత్తానికి మాకు కావాల్సింది సగటు డ్రైవర్లు. సగటు" అన్నాడు.

అందరూ తలూపారు. బాబాయ్ లేచి నిలబడ్డాడు.

"సగటోళ్లు కావాలంటే నన్నెందుకు పిలిసినారు బావు?"

"అది కాదండీ. సగటు అంటే ఇక్కడ మంచి మాటే."

"నాను ముప్పై ఏళ్లలో ఒక్క మనిసిని గీసుకోనేదు. స్టేజీ ఎక్కించి దండేసినారు. సగటోడికి దండెవుడేస్తాడు?"

మేనేజరు నా వైపు చూశాడు. నేను పెట్టెలు సరిగా పనిచేస్తున్నాయో లేదో చూసే ఇంజనీరుని. అప్పటికి ఉద్యోగంలో చేరి ఆట్టే కాలం కాలేదు. అందుకని చిక్కు మనుషులు నా వాటాకి వచ్చేవాళ్లు. "ఈయన కారులో కొన్నాళ్లు నువ్వు కూర్చో" అన్నాడు మేనేజరు.

మర్నాడు పొద్దున్న కూర్మన్నపాలెం జంక్షన్‌లో ఎక్కాను. వెనక సీట్లో లాప్‌టాప్ తెరుచుకున్నాను. బాబాయ్ స్టీరింగు తుండుతో తుడిచి, కళ్లకద్దుకుని, తాళం తిప్పాడు. బండి గుర్రుమంటోంది గాని కదలదు. అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు.

"ఏమైంది బాబాయ్?"

"సెప్పమ్మా మరి."

"ఏం చెప్పాలి?"

"రైట్ సెప్పు. కండక్టరు రైటనకుండా బండి ఎలగ తీత్తాను?"

నవ్వుతున్నాడేమో అని చూశాను. నవ్వట్లేదు. "రైట్" అన్నాను. కదల్లేదు. "రైట్ రైట్" అన్నాను. అప్పుడు కదిలాం. ఆ రోజు నుంచి నేను కండక్టరమ్మని. ఎం.టెక్ చదివించిన మా నాన్నకి ఈ సంగతి చాలాకాలం చెప్పలేదు.

మొదటి గండం పాతగాజువాకలో వచ్చింది. స్టాపు దగ్గరికి రాగానే కారు మెత్తగా ఎడమపక్కకి జారి, జనం ముందు ఒద్దిగ్గా ఆగిపోయింది. ఒక పెద్దావిడ సంచీ చంకలో ఇరికించుకుని వచ్చి తలుపు మీద చెయ్యేసింది.

"కంచరపాలెం పోతాదా?"

"పోతాది, ఎక్కమ్మా" అన్నాడు బాబాయ్.

"బాబాయ్! మనది కారు!" అని అరిచాను నేను.

ఆయన బ్రేకు మీదున్న తన కాలి వైపు చూసుకున్నాడు, పక్కింటివాళ్ల కుక్క మన గుమ్మంలో పడుకుంటే చూసినట్టు. "నాను ఆపనేదమ్మా. కాలు ఆపీసినాది" అన్నాడు. పెద్దావిడకి క్షమాపణ చెప్పుకుని బయల్దేరాం. షీలానగర్‌లో మళ్లీ కాలు ఆపేసింది. ఎయిర్‌పోర్టు దగ్గర కూడా.

సాయంత్రం స్క్రీన్ మీద చూస్తే ఆయన వచ్చిన దారి పొడుగునా స్టాపుకొకటి చొప్పున ఎర్రటి మచ్చలు, దండ గుచ్చినట్టు. హైవే మొత్తం జబ్బుపడిందేమో అనిపించేలా ఉంది. "ఈ కారుకి బ్రేకులు పట్టేస్తున్నాయా?" అని మేనేజరు అడిగాడు. "బ్రేకులు కాదు సర్, అలవాటు" అన్నాను.

ఆ అలవాటు మాన్పించడానికి నేను పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. రోడ్డుకి కుడివైపు పొమ్మన్నాను. పోయేవాడు. స్టాపు రాగానే అక్కణ్ణుంచే ఎడమ ఇండికేటరు వేసేవాడు. వెనకొచ్చే స్టీలు లారీ డ్రైవరు మా మూడు తరాలనీ తలుచుకునేవాడు. తర్వాత ఉపాయం ఆయనే చెప్పాడు. "స్టాపు వొచ్చే ముందర నువ్వు గట్టిగా 'స్టాపు నేదు' అనీ. సెవినబడితే కాలు ఆగదు." ఒక రోజంతా కిటికీ పక్కన కూర్చుని స్టాపు స్టాపుకీ "స్టాపు లేదు! స్టాపు లేదు!" అని అరిచాను. బస్సుకోసం నిలబడ్డ జనం నిర్ఘాంతపోయి చూశారు. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ఒకాయన నిజంగానే స్టాపు ఎత్తేశారనుకుని ముందుకి నడవడం మొదలుపెట్టాడు.

చివరికి మధ్యేమార్గం ఒకటి కుదిరింది. ఆయన ఆగడు. కాని స్టాపు దాటేటప్పుడు చెయ్యి కిటికీలోంచి బయటపెట్టి, అరచెయ్యి వెనక్కి ఊపుతాడు. బస్సు నిండిపోయినప్పుడు డ్రైవర్లు చేసే సైగ అది. వెనక ఇంకోటి వస్తోంది, దాన్లో రండి అని.

"వెనక ఏమీ రావట్లేదు కదా బాబాయ్?"

"ఏదో ఒకటి వొత్తాదిలేమ్మా. ఇంత పెద్ద ఊరు గదా."

పెట్టె సంగతి వేరే చెప్పాలి. డ్రైవర్లు దారి తప్పి తిరుగుతారేమోనని మేనేజరు మొదట్లోనే ఒక బెదిరింపు వేశాడు: "ఆ పెట్టె అన్నీ చెప్పేస్తుంది, అన్నీ." మిగతావాళ్లు దాన్ని బెదిరింపుగానే తీసుకున్నారు. బాబాయ్ మాత్రం పరిచయంగా తీసుకున్నాడు. పెట్టెతో మాట్లాడటం మొదలుపెట్టాడు.

"గాజువాక దాటీసినామమ్మా" అనేవాడు. నాతో అనుకుని ఊఁ కొట్టేదాన్ని. "ముందర పోర్టు లారీలు అడ్డంగా ఉన్నాయి. నాను ఆపనేదు, ఆళ్లే ఆపీసినారు. రాసుకో." అప్పుడు తలెత్తి చూశాను. డాష్‌బోర్డు కింద మిణుకుమంటున్న పచ్చదీపంతో చెబుతున్నాడు. ఎండగా ఉంటే దాని మీద తుండు కప్పేవాడు. షీలానగర్ దగ్గర మిరపకాయ బజ్జీల బండి దగ్గర ఆగినప్పుడు, తినేంతసేపూ ఎడంచెయ్యి పెట్టె మీద మూతలా పెట్టి ఉంచేవాడు. ఒక్క చేత్తోనే తినేవాడు పాపం.

ఎందుకంటే బజ్జీల కబురు ఇంటికి చేరకూడదు. ఇంట్లో పిన్ని ఉంది, అంటే ఆయన భార్య. బండి నడిచేటప్పుడు ఆయన ఫోను ఎత్తడు, ప్రాణం పోయినా ఎత్తడు. అది కనిపెట్టి ఆవిడ నా నంబరు సంపాదించింది.

"నువ్వేనా కండక్టరువి?" అంది మొదటిసారి.

"అవును పిన్నీ" అన్నాను. వేరే ఏమనాలో తెలియలేదు.

"మా ముసిలోడు తిన్నాడా?"

"తిన్నారండి."

"తిన్నాడని నాకు తెల్సు. ఏటి తిన్నాడో సెప్పు."

అద్దంలో బాబాయ్ కళ్లు నన్ను బతిమాలుతున్నాయి. నూనె మరక ఆయన మీసం మీద మెరుస్తోంది. "పెరుగన్నం" అన్నాను. "నువ్వూ ఆడి జట్టేనన్నమాట" అని పెట్టేసింది. అయినా రోజూ చేసేది. నేను రోజూ పెరుగన్నమే చెప్పేదాన్ని.

రోజులు గడిచేకొద్దీ పెట్టెకి చెప్పే మాటలు రోడ్డు దాటి ఇంట్లోకి వెళ్లాయి. మోకాలినొప్పి, కొళాయి నీళ్లు, పక్కింటివాళ్లతో గోడ తగాదా. పిన్ని ఎంతో ఇష్టపడి కొనుక్కున్న స్టీలు క్యారేజీ మూతకి తనే సొట్ట పెట్టి, ఆ నేరం పిల్లి మీదకి తోసిన వైనం. ఒకరోజు ఎన్‌ఏడీ వంతెన కింద బండ్లన్నీ నిలిచిపోయి చాలాసేపు కదల్లేదు. ఆయన గొంతు తగ్గించి అన్నాడు. "మా ఇంటిది నేకపోతే నాను ఏటైపోదునో. పొద్దున్న నాలుగింటికి డ్యూటీ అయితే మూడింటికే నేచి వండీది. ముప్పై ఏళ్లు. ఒక్కనాడు గూడా 'ఈ ఏల వండనేను' అననేదు. దానికి సెప్పకు సుమీ."

నేను లాప్‌టాప్ మూసేశాను. ఇక దాచడం న్యాయం కాదనిపించింది. బండి ఎయిర్‌పోర్టు దాటాక, టీ బడ్డీ దగ్గర ఆపించి చెప్పాను.

"బాబాయ్, ఈ పెట్టెకి చెవుల్లేవు. మనం ఎక్కడున్నాం, ఎంత జోరుగా పోతున్నాం, అంతే దీనికి తెలుసు. మాటలు వినపడవు."

"ఇనపడవా?"

"వినపడవు."

"బజ్జీలు?"

"కనపడవు."

టీ గ్లాసు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నేను ఆయన తేలిక పడతాడనుకున్నాను. కారెక్కగానే పెట్టె మీది తుండు తీసి పక్కన పడేశాడు. గాజువాక దాటాక అన్నాడు, "అయితే ఇన్నాళ్లూ నాను సెప్పిందంతా ఎవులూ ఇననేదన్నమాట."

"నేను విన్నాను కదా."

ఆయన తుళ్లిపడి అద్దంలోకి చూశాడు. నేను వెనక ఉన్నానన్న సంగతే ఆయనకి గుర్తులేదు. ముప్పై ఏళ్లూ వెనకాల కండక్టరు ఉండనే ఉన్నాడు. కండక్టరుంటే ఎవరూ లేనట్టే.

"అన్నీ ఇన్నావా?"

"అన్నీ."

"మూత సంగతి?"

"అదీ విన్నాను. పిన్ని నాలుగింటి డ్యూటీకి మూడింటికే లేచేదన్నది కూడా విన్నాను."

మెడ నుంచి చెవుల దాకా ఎర్రబడ్డాడు. "అది దానికి సెప్పకమ్మా. నెత్తెక్కీత్తాది" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం పిన్ని ఫోను చేస్తే చెప్పేశాను. పెరుగన్నం తర్వాత, ఆయన పెట్టెతో అన్న ఆ మాట కూడా చెప్పాను. అట్నుంచి ముక్కు చీదిన చప్పుడు వినపడింది. "ఆ ముక్క నాతోటి సెప్పడానికి ఆడికి పెట్టె కావాలేటి?" అంది. పెట్టేసింది. ఆ తర్వాత వారం రోజుల పాటు బాబాయ్ కూర బాగుందని ఆఫీసంతా చెప్పుకున్నాడు. కారణం ఆయనకి తెలియదు. నేనూ చెప్పలేదు.

పెట్టెతో మాట్లాడటం మాత్రం మానలేదు. "వినపడదని తెలుసు కదా బాబాయ్" అంటే, "దాన్దారి దానిది, నాదారి నాది" అనేవాడు.

ఇక ఆ రోజు సంగతి.

మా పని నగరానికి పనికొస్తుందో లేదో చూసి, ఒప్పందం కొనసాగించాలో వద్దో తేల్చడానికి ఒక పెద్దాఫీసరు వస్తానన్నారు. ఆవిడ కాదంటే మా కంపెనీ మూసుకుని ఎవరిళ్లకి వాళ్లం పోవడమే. హాల్లో గోడంత స్క్రీన్ పెట్టాం. ఆ రోజు ఊళ్లో ఆటోల బందు. మేనేజరు మురిసిపోయాడు. "రోడ్లు ఖాళీ. చుక్కలన్నీ పచ్చగా పరిగెడతాయి, పచ్చగా" అన్నాడు. డ్రైవర్లందరికీ ఫోన్లు చేసి, ఎవరి దారిలో వాళ్లు బుద్ధిగా తిరగమన్నాడు. బాబాయ్ కూర్మన్నపాలెం నుంచి ఎన్‌ఏడీ మీదుగా ఊళ్లోకి రావాలి.

మేడం వచ్చారు. మాట తక్కువ మనిషి. కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, చుక్కల వైపు చూశారు. చుక్కలు నిజంగానే పచ్చగా పరిగెడుతున్నాయి. ఒక్కటి తప్ప. కూర్మన్నపాలెం జంక్షన్‌లో ఒక చుక్క కదలకుండా కూర్చుంది.

"అదేమిటి ఆగింది?" అన్నారు మేడం.

"సిగ్నల్ పడి ఉంటుంది మేడం, సిగ్నల్" అన్నాడు మేనేజరు.

ఆ మాట అంటుండగానే చుక్క కదిలింది. ఊళ్లోకి రాలేదు. హైవే వదిలేసి దువ్వాడ వైపు దూసుకుపోయింది. దువ్వాడలో ఒక క్షణం ఆగి మళ్లీ కూర్మన్నపాలెం వచ్చింది. మళ్లీ దువ్వాడ పోయింది. మగ్గం మీద నాడెలాగ అటూ ఇటూ, అటూ ఇటూ.

మేనేజరు నుదురు తుడుచుకుని, "పైన ఉపగ్రహంతో చిన్న ఇబ్బంది మేడం. పొరపాటు చూపిస్తోంది" అన్నాడు. నేను టేబుల్ కింద ఫోను పెట్టి బాబాయ్‌కి కలిపాను. ఎత్తలేదు. చుక్క నడుస్తోంది, ఎందుకెత్తుతాడు? స్క్రీన్ మీదే కన్నేసి కూర్చున్నాను. చుక్క కూర్మన్నపాలెంలో ఆగగానే మళ్లీ కలిపాను. ఎత్తాడు. వెనకంతా ఆడపిల్లల గోల.

"కండక్టరమ్మా, కాలేజీవోళ్లు మాటాడుకున్న అద్దెబస్సు ఇక్కడ ఆగిపోనాది. పొగలొత్తన్నాయి. పిల్లలికి పరీచ్చట, దువ్వాడలో. ఆటోలు గూడా నేవు. ఏడుత్తన్నారమ్మా. నాను బేగి దింపీసి వొచ్చీత్తాను." ఆ వెంటనే ఫోను పక్కకి పెట్టి అరుస్తున్నాడు. "ముందుకి జరగండి, ముందుకి జరగండి, లోపల ఖాళీ ఉంది!" మా కారు చిన్నది. లోపల ఎంత ఖాళీ ఉంటుందో నాకు తెలుసు.

ఫోను పెట్టేసి చూస్తే మేడం నన్నే చూస్తున్నారు.

"ఏమైందమ్మా?"

మేనేజరు నాకేసి కళ్లతో వద్దన్నాడు. చెబితే మా డ్రైవరు నియమం తప్పాడని ఒప్పుకున్నట్టు, మా మేనేజరు చెప్పింది అబద్ధమని కూడా. చెప్పకపోతే ఆ పిల్లల సంగతేమిటి? కారు ఎన్ని తిరుగుళ్లు తిరిగితే అందరూ చేరతారు?

"ఉపగ్రహం పొరపాటు కాదు మేడం. మా బాబాయ్" అన్నాను. ఉన్నదంతా చెప్పాను.

మేడం కళ్లజోడు తీసి ఫోను అందుకున్నారు. ముందు కాలేజీకి. "పిల్లలు దారిలో ఉన్నారు. వచ్చినవాళ్లని వచ్చినట్టు లోపలికి పంపండి, గేటు మూయకండి." తర్వాత డిపోకి, ఒక బస్సు పంపమని. తర్వాత కుర్చీ స్క్రీన్ దగ్గరికి జరుపుకుని కూర్చున్నారు. ఇక ఎవరూ మిగతా చుక్కల వైపు చూడలేదు. హాలంతా ఆ ఒక్క చుక్క వెంటే. అది దువ్వాడ చేరినప్పుడల్లా వెనక వరసలో టీ ఇచ్చే మనిషి "ఇంకో లోడు" అంటున్నాడు. కొంతసేపటికి డిపో బస్సు వచ్చి మిగిలినవాళ్లని ఎక్కించుకుందని కబురొచ్చింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. చుక్క వెనక్కి తిరిగి హైవే ఎక్కింది. మేనేజరు అప్పుడే నవ్వబోయాడు.

చుక్క గిర్రున తిరిగి మళ్లీ దువ్వాడ పోయింది.

"మళ్లీ ఎందుకు?" అన్నారు మేడం, ఆత్రంగా.

ఆగాక ఫోను చేశాను. "ఒక ఆడగుంట సీటు కింద హాల్ టికెట్టు ఒగ్గీసిందమ్మా" అన్నాడు.

అది చెప్పగానే మేడం మొదటిసారి నవ్వారు. తర్వాత నన్ను ఒకటే అడిగారు. "కారు ఆగిందని మీ పెట్టె చెప్పింది. ఎందుకు ఆగిందో చెప్పగలదా?"

"చెప్పలేదు మేడం."

"అది కూడా చెప్పేలా చేసి తీసుకురండి. అప్పుడు చూద్దాం" అని లేచారు. కాదనలేదు. మాకు అదే పదివేలు.

సాయంత్రం బాబాయ్‌ని మేనేజరు గదిలోకి పిలిచాడు. నేనూ వెళ్లాను. మేనేజరు కోపం తగ్గలేదు. "మీకు చెప్పిన నియమం ఏమిటి? నియమం?"

"సుట్టూ ఉన్నోళ్లు ఎలగెల్తే అలగెల్లమన్నారు."

"మరి?"

"సుట్టూ ఉన్నోళ్లందరూ దువ్వాడే ఎల్తన్నారు బావు."

మేనేజరు మంచినీళ్లు తాగాడు. ఉద్యోగం పోలేదు.

ఆ తర్వాత డ్రైవర్ల ఫోన్లలో నాలుగు బొమ్మలు పెట్టాం. బండి పాడైతే ఒకటి, ప్రమాదమైతే ఒకటి, రైలు గేటు పడితే ఒకటి, ఊరేగింపు అడ్డమొస్తే ఒకటి. ఆగినప్పుడు తగిన బొమ్మ నొక్కితే కారణం మాకు తెలుస్తుంది. మేడం దాన్ని చూసి ఒప్పందం కొనసాగించారు. బాబాయ్‌కి ఊరేగింపు బొమ్మ తెగ నచ్చింది. గేదెలు అడ్డమొచ్చినా అదే నొక్కేవాడు, బడి వదిలిన పిల్లలు రోడ్డు దాటుతున్నా అదే. ఆయన లెక్కన కూర్మన్నపాలెం నుంచి ఎన్‌ఏడీ దాకా ఏడాది పొడుగునా పండగే. "గేదెలు ఊరేగింపెలా అవుతాయి బాబాయ్?" అని దెబ్బలాడితే, "వరసగా ఎల్తన్నాయి గదా. ఆటికి దండల్నేవు, అంతే తేడా" అన్నాడు.

కొన్నాళ్లకి మా కార్ల అవసరం తీరిపోయింది. అందరి జేబుల్లోనూ ఫోన్లున్నాయి. రోడ్డు మీద పోయే ప్రతి బండీ తెలిసో తెలియకో ఆ కబురు మోసేస్తోంది. మేం ప్రత్యేకంగా కార్లు తిప్పక్కర్లేదు. ఆ సంగతి చెప్పడం కూడా నా వాటాకే వచ్చింది. ఎలా చెప్పాలా అని దారంతా మథనపడి, చివరికి గాజువాకలో చెప్పాను.

ఆయన తాపీగా విన్నాడు. "అంటే ఇప్పుడు ఊరందరూ సగటోళ్లయిపోనారన్నమాట" అన్నాడు. కాస్త సంతోషించినట్టే కనిపించాడు. ఆ రోజు నన్ను మా ఇంటి గుమ్మం దాకా దింపాడు. నేను మెట్లెక్కుతున్నా బండి కదల్లేదు. రైట్ చెప్పలేదని గుర్తొచ్చి, మెట్ల మీంచి గట్టిగా రెండుసార్లు అరిచాను.

ఆ తర్వాత ఒక్కసారే చూశాను.

కూర్మన్నపాలెంలో ఏదో పని చూసుకుని రోడ్డు దాటడానికి నిలబడ్డాను. సర్వీసు రోడ్డులో కొత్త ఎలక్ట్రిక్ స్కూటరు ఒకటి వస్తోంది. నడుపుతున్నది చీర కొంగు నడుముకి బిగించిన పెద్దావిడ. పిన్నిని నేను అంతవరకూ చూడలేదు, గొంతు ఒక్కటే తెలుసు. కాని వెనక కూర్చున్నాయన్ని చూసి ఆవిడెవరో పోల్చుకున్నాను. బాబాయ్ రెండు చేతులతో వెనక కడ్డీ పట్టుకుని, కాళ్లు రెండూ గాల్లోకి చాపి, "బ్రేకు! బ్రేకెయ్యి! ఆటోవోడు... ఎడంపక్క... నరసింహస్వామీ!" అని కేకలు పెడుతున్నాడు.

"ఊరుకో! బండి తోలేది నాను!" అంటోంది ఆవిడ, తల తిప్పకుండా. చక్కగా నడుపుతోంది. ఆటోని ఒడుపుగా తప్పించింది.

"బాబాయ్!" అని అరిచాను.

నన్ను చూసి మొహం విప్పారింది. ఊపుదామని ఒక చెయ్యి వదిలాడు, స్కూటరు గుంటలో పడి లేచేసరికి గబుక్కున మళ్లీ పట్టుకున్నాడు. ఆపే సూచన ఆవిడలో ఏమాత్రం లేదు. నన్ను దాటిపోతున్నారు.

"ఎక్కడికి బాబాయ్?"

మెడ మొత్తం వెనక్కి తిప్పి, హారన్ల మోతలో నాకు వినపడేలా గొంతెత్తి అరిచాడు.

"నాకేటి తెల్సమ్మా! దాన్నడుగు!"